మోరో ఏరు దాటిన రోజు

పొద్దున లేవగానే ఆర్జియా మొదట చూసేది అద్దంలో తన మొహం కాదు, ఆబోతు మొహం. కాఫీ కూడా ఆ తర్వాతే. శాలువా కప్పుకుని ఇంటి వెనక రాతిగోడల దొడ్డిలోకి వెళ్లి, "మోరో" అని ఒక్కసారి పిలిచేది. వాడు తల తిప్పాక ముందు కళ్లు చూసేది, తర్వాత గిట్టలు, తర్వాత వెనక్కి వెళ్లి వృషణాలు. సిగ్గుపడటానికి ఇందులో ఏమీ లేదు, మంద మొత్తం రావాల్సింది అక్కడినుంచే. ఎండాకాలం సగంలో ఆబోతును ఆవుల నుంచి విడదీసి దొడ్లో పెడితే, మళ్లీ వసంతంలో సాన్ మార్కో పండగనాడు మందలోకి వదిలేదాకా రోజూ ఇదే వరస. ఈలోగా వేళ తప్పి ఎదకొచ్చిన ఆవు ఎంత అరిచినా గేటు తీయకూడదు. తీస్తే దూడలు ఒకటి జనవరిలోనూ ఇంకోటి ఆగస్టులోనూ పుడతాయి. ఆగస్టులో మా బీళ్లలో ఈగలు తప్ప గడ్డి ఉండదు.

ఒంబ్రోనే నది సముద్రంలో కలవబోయే చోట రెండు మందలుండేవి. ఇవతలి ఒడ్డున ఆర్జియాది, అవతలి ఒడ్డున క్విరీనోది. బూడిదరంగు ఆవులు, బారెడేసి కొమ్ములు, ఏడాది పొడుగునా ఆరుబయటే. ఆబోతు ఒక మందలో మూడు వసంతాలు ఉంటాడు. నాలుగో వసంతానికి వాడి కూతుళ్లే పెయ్యలై ఎదకొస్తాయి కాబట్టి, ఆలోగానే ఇవతలివాణ్ని బల్లకట్టు మీద అవతలికీ, అవతలివాణ్ని ఇవతలికీ మార్చుకునేవాళ్లు. తాతల నాటి నుంచి ఆబోతుకు ఆబోతు, అంతే లెక్క.

ఇంకో కట్టుబాటు కూడా ఉంది. ఎవరి ఆబోతును వాళ్లు తినకూడదు. ముసలివాడైతే దూరపు సంతకు తోలేస్తారు, ముక్కూ మొహం తెలియనివాళ్లు తింటారు, వాళ్ల కడుపు చల్లగా ఉండుగాక. ఇంటివాళ్లే తింటే మాత్రం వాడు వసంతంలో తిరిగొస్తాడు. ఎందుకు రాడు? వాడికి వేరే ఇల్లు తెలియదు. వెనకటికి పోగ్గియో సోర్బోలో ఒకాయన పిసినారితనం కొద్దీ తన ఆబోతును తన చేత్తోనే కోసుకు తిన్నాడు. వాడు తిరిగొచ్చి, ఆయన బతికున్నన్నేళ్లూ మందలోనే ఉన్నాడు. కూతుళ్లను దాటి చూడి చేశాడు, కూతుళ్ల కూతుళ్లను దాటాడు. చివరికి దూడలు కళ్లు లేకుండా పుట్టాయి. ఆయన పోయిననాడు ఆబోతూ పోయాడు. అప్పటికి ఆ ఇంట్లో మిగిలినవి మెడగంటలూ పలుపులూ మాత్రమే.

ఆర్జియాకు పిల్లలు లేరు. తమ్ముడు మలేరియాతో పోతే వాడి కొడుకు నెల్లోని తెచ్చుకుని పెంచింది. గుర్రం మీద ఉన్నంతసేపూ నెల్లో అంత నిదానస్తుడు లేడు. గుర్రం దిగాడంటే తొందర మనిషి. బూటు ఒక కాలికి తొడిగి రెండోది చేత్తో పట్టుకుని పరిగెత్తే రకం. ఎప్పటికైనా మందను వాడి చేతిలో పెట్టాలనేది ఆర్జియా కోరిక, అది ఊరందరికీ తెలుసు.

ఆ అక్టోబరులో నెల్లోకి పెళ్లి కుదిరింది. పిల్ల పేరు జెలిందా, కొండ మీది పల్లె, మాట తక్కువ మనిషి. పెళ్లి పనుల మీద పిల్ల ఊరికి వెళ్తూ ఆర్జియా మేనల్లుడికి ఒకటే పని పురమాయించింది. మోరోకు మూడు వసంతాలు నిండాయి కాబట్టి వాణ్ని ఏరు దాటించి క్విరీనోకు అప్పజెప్పాలి, వాళ్ల ఆబోతు ఫలాస్కోని తోలుకురావాలి. తమ ఆవులన్నీ చూడివి కాబట్టి, వచ్చేటప్పుడు పెళ్లి విందుకు క్విరీనో మందలో ఒట్టిపోయిన ఆవునొకదాన్ని కోయించి మాంసం తెచ్చుకోవాలి.

ఆవిడ అటు వెళ్లిందో లేదో ఇటు వాన పట్టుకుంది. ఏరు పొంగింది. బల్లకట్టు నడిపే నాన్ని దాన్ని ఒడ్డుకు కట్టేసి పేకాటలో కూర్చున్నాడు. వంటామె సెత్తిమియా మాత్రం ఆగే మనిషి కాదు. మాంసం ఒక రోజంతా ఎర్ర ద్రాక్షసారాలో నానాలి, ఇంకో రోజంతా సన్నసెగ మీద ఉడకాలి, ఎప్పుడు తెస్తావురా అంటూ నెల్లో ప్రాణం తోడేసింది. నెల్లో ఏటి వంక చూశాడు, మోరో వంక చూశాడు. కట్టుబాటు తెలియక కాదు. తెలుసు కాబట్టే దానిలో ఒక సందు వెతికాడు. పెళ్లికి ఊరంతా వస్తుంది. అన్ని ఇళ్లవాళ్లూ తలా ఇంత తింటే వాడు ఏ ఇంటికని తిరిగొస్తాడు? పెళ్లికొడుకు బుర్రకు ఇది మహా తెలివైన ఆలోచనగా తోచింది. క్విరీనోకు తర్వాత ఎక్కడో ఒక ఆబోతును వెతికి ఇవ్వొచ్చనుకున్నాడు. తన కత్తితో తనే పని కానిచ్చి, మాంసం ఏరు దాటి వచ్చినట్టే వంటింట్లో దించాడు. సెత్తిమియా ఎక్కడిదని అడగలేదు, ఉల్లిపాయలేవని అడిగింది.

పెళ్లినాటికి ఎండ కాసింది. ఆర్జియా పెళ్లికూతురివాళ్లతో పాటు కొండ దిగి నేరుగా పెళ్లికే వచ్చింది, దొడ్డి వైపు వెళ్లే తీరిక దొరకలేదు. కొట్టం ఊడ్చి బల్లలు వేశారు. మొదటి పళ్లెం పెళ్లికూతురికి పెట్టడం మా ఆచారం. జెలిందా ఒక ముక్క తిని తల ఊపాకే మిగతావాళ్లకు వడ్డన మొదలైంది. నల్ల ఆలివ్‌లు వేసి వండిన కూర. ఫాదర్ ఎజిస్తో మూడోసారి పెట్టించుకున్నాడు. పెళ్లిళ్లలో ఆర్జియా అటూ ఇటూ తిరగడమే కాని కూర్చుని తిన్నది ఎవరూ చూడలేదు. ఆ రోజు కూర్చుంది, తిన్నది, మారు కూడా వడ్డించుకుంది. మాంసం ఇంత మెత్తగా ఉడకడం నా ఎరుకలో లేదని సెత్తిమియాను అందరి ముందూ మెచ్చుకుంది.

అప్పుడు క్విరీనో వచ్చాడు. మోకాళ్లదాకా తడిసిపోయి, చేతిలో ఫలాస్కో పలుపుతో కొట్టం గుమ్మంలో నిలబడ్డాడు. పొద్దున నీరు తగ్గిందట, నాన్నిని పేకాట మీంచి లేపి బల్లకట్టు కట్టించుకున్నాడట. పెళ్లికొడుకు పనుల్లో తలమునకలై ఉంటాడు, ఆబోతును నేనే తోలుకెళ్తే మర్యాదగా ఉంటుందని వచ్చాడట. అందరికీ టోపీ ఎత్తి నమస్కారం పెట్టి, దొడ్డి వైపు చూసి అడిగాడు.

"మోరో ఏడీ?"

నెల్లో పళ్లెంలోకి చూశాడు.

వాడు అలా చూడకుండా ఇంకే అబద్ధం చెప్పినా చెల్లిపోయేదేమో. వాడు చూశాడు కాబట్టి జెలిందా తన పళ్లెం చూసుకుంది, ఆమెను చూసి పక్కవాళ్లు తమ పళ్లేలు చూసుకున్నారు. బల్ల ఈ చివరి నుంచి ఆ చివరిదాకా ఫోర్కులన్నీ ఎక్కడివక్కడ ఆగిపోయాయి. ఫాదర్ ఎజిస్తో నోట్లో ఉన్నది మింగాలా ఉమ్మాలా తెలియక చాలాసేపు దవడ కదపలేదు. చివరికి మింగాడు, దేవుడిచ్చిన అన్నం కదా. అకార్డియన్ వాయించేవాడు ఇదంతా చూడక ఇంకాసేపు వాయించి, తర్వాత వాడూ ఆపాడు.

ఆర్జియా లేచి నిలబడింది. నెల్లో దగ్గరికి వెళ్తుందనీ చెంప పగలగొడుతుందనీ అందరూ ఎదురుచూశారు. ఆవిడ వాడి వైపు చూడనే లేదు. క్విరీనో దగ్గరికి వెళ్లి, "అన్నా, నా దగ్గర నీకివ్వడానికి ఆబోతు లేదు" అంది.

క్విరీనో టోపీ పెట్టుకున్నాడు. తర్వాత ఫలాస్కో పలుపు ఆవిడ చేతిలో పెట్టాడు. "వసంతంలో ఇవ్వమ్మా. ఆబోతుకు ఆబోతు." కూర్చోమన్నా కూర్చోలేదు, ఒక్క గుక్క ద్రాక్షసారా కూడా ముట్టలేదు. వచ్చిన దారినే వెళ్లిపోయాడు.

ఆ చలికాలమంతా ఆర్జియా నెల్లోతో మాట్లాడలేదు. మాటలన్నీ జెలిందా మీదుగా నడిచేవి. "గుర్రానికి నాడాలు అరిగాయని మీ ఆయనకు చెప్పు." మీ ఆయన అదే బల్ల దగ్గర, మూరెడు దూరంలో, సూపు తాగుతూ ఉండేవాడు. జెలిందా అటు తిరిగి చెప్పేది, ఇటు తిరిగి జవాబు తెచ్చేది, ఒక్క ముక్క కలిపేది కాదు, ఒక్క ముక్క తీసేది కాదు. కొత్త కోడలికి ఇంతకంటే మంచి పరీక్ష ఉండదని సెత్తిమియా అనేది.

సాన్ మార్కో పండగనాడు పొద్దున్నే ఫలాస్కోను మందలోకి వదలడానికి ఆర్జియా, ఇద్దరు పాలేర్లూ గుర్రాల మీద వెళ్లారు. గేటు వేసే ఉంది. గేటు అవతల, ఆవుల మధ్య మోరో నిలబడి ఉన్నాడు.

అవే కొమ్ములు, ఎడమది కొస దగ్గర కొంచెం పగిలినది. తొడ మీద అదే ముద్ర. మెడ కింద నెల్లో కత్తి గుర్తు కూడా అలాగే ఉంది, ఎండిపోయి. పాలేర్లు టోపీలు తీశారు. వాళ్లలో పెద్దవాడు, "వచ్చాడండీ" అన్నాడు. ఆర్జియా, "చూశాను" అంది. తిరిగొస్తాడని తెలియకపోతే కదా ఆశ్చర్యం. కాని తెలియడం వేరు, కళ్ల ముందుకు వచ్చి నిలబడటం వేరు. ఆవిడకు జీను మీద నుంచి దిగడం కూడా చేతకాలేదు.

ఆ వారంలో వాడి తీరు అందరికీ అర్థమైంది. మేత ముట్టడు, నీళ్లు తాగడు, పేడ వేయడు. ఏటా వచ్చే పశువుల డాక్టరు మందంతటితో పాటు వాడికీ సూది గుచ్చాడు, నెత్తురు చుక్క రాలేదు. వీడికి రోగాల భయం లేదని చెప్పి తర్వాతి ఆవు దగ్గరికి వెళ్లాడు. ఫలాస్కో మొదటిరోజు కొమ్ములు వంచి మోరో మీదికి దూకాడు. రాతిగోడను గుద్దినట్టు వెనక్కి పడి, భుజం కొట్టుకుపోయి, ఆ తర్వాత కంచె మూలన ఈగలు తోలుకుంటూ నిలబడ్డాడు, మంద దరికి రాలేదు. చూడబోతే ఫలాస్కో చచ్చినవాడిలాగా, మోరో బతికినవాడిలాగా ఉన్నారు.

అసలు భయం అది కాదు. మోరో మొదటి ఏటి కూతుళ్లు ఈ వసంతానికి పెయ్యలయ్యాయి. మంద మొత్తంలో అంత బాగా ఎదిగిన పెయ్యలు ఆర్జియా ఎప్పుడూ చూడలేదు. రేపు మంద అంటే అవే. పోగ్గియో సోర్బోలో మొదలైంది కూడా ఇలాగే. ఆర్జియా ఆ పెయ్యలన్నిటినీ ఏరి, కాలవ అవతల రెల్లు మడుగు పక్క బీడులోకి తోలించింది. కాలవ మీది వంతెన పలకలు కూడా పీకించింది. మర్నాడు వెళ్లి చూస్తే పెయ్యల మధ్య మోరో ఉన్నాడు. పలకలు వేయించి మళ్లీ ఇటు తోలించింది. ఇటూ వచ్చాడు. కంచెలు దూకలేదు, విరగ్గొట్టలేదు. ముందునుంచీ అక్కడే ఉన్నట్టు ఉండేవాడు.

ఇంకో రెండు రోజులకు ఒక పెయ్య ఎదకొచ్చింది. తెల్లారినప్పటి నుంచీ కాలు నిలవకుండా తిరుగుతోంది, అరుస్తోంది, తోటి పెయ్యల మీదికి ఎక్కుతోంది. మోరో ముక్కు పైకెత్తి గాలి పీల్చాడు. ఆర్జియా గుర్రం దిగి, మందను తోలడానికి తండ్రి నాటి నుంచి వాడే కొక్కెం కర్ర పట్టుకుని ఇద్దరికీ అడ్డం నిలబడింది. వాడు తల వంచి ఆవిడను కొమ్ముతో పొడవనూ లేదు, బెదిరించనూ లేదు. బతికున్నప్పటిలాగే ఆవిడంటే మర్యాద. పక్కకు తిరిగి, చుట్టూ నడిచి, ఇంకోవైపు నుంచి వచ్చాడు. ఆవిడ అటు పరిగెత్తింది. వాడు మళ్లీ చుట్టూ తిరిగాడు. చివరికి ఆవిడ చేతిలో కర్ర ఉన్నదే మరిచిపోయి, గొంతు చించుకుని అరవడం మొదలుపెట్టింది.

బీడు దరికి రావొద్దని నెల్లోకు ఆవిడ గట్టి హుకుం. అయినా ఆ అరుపు విని వాడు గడ్డివాము దగ్గర నుంచి పరిగెత్తుకుంటూ వచ్చాడు, కంచె దాటాడు. వాడు దాటిన క్షణాన మోరో ఆగిపోయాడు. పెయ్యను వదిలేశాడు. నిదానంగా నడిచి వచ్చి, నెల్లో వెనక, మెడకు ముట్టె తగిలేంత దగ్గరగా నిలబడ్డాడు.

నెల్లో మొహంలో నెత్తురు లేదు. "అత్తా, చల్లగా ఊపిరి తగులుతోంది" అన్నాడు.

పెళ్లినాటి నుంచి ఇప్పటిదాకా ఆర్జియా వాడితో నేరుగా అన్న మొదటి మాట ఇది: "కంచె దాకా నడువు."

నడిచాడు. మోరో వెనకే నడిచాడు. ఇంటిదాకా నడవమంది. ఇంటిదాకా వచ్చాడు. జెలిందా బట్టలు ఆరేస్తూ, మొగుడూ వాడి వెనక ఆబోతూ రావడం చూసి, దండెం మీద దుప్పటి తీసి దారి ఇచ్చింది. వంటింటి గుమ్మంలోంచి సెత్తిమియా ఒక్క చూపు చూసి, "చంపిన చెయ్యి అది. అన్ని ఇళ్లు తిన్నా చెయ్యి ఒకటే కదా" అని లోపలికి పోయింది. వాడు ఏ ఇంటికని తిరిగొస్తాడని నెల్లో వేసుకున్న ప్రశ్నకు జవాబు ఇదన్నమాట.

ఆర్జియాకు మాత్రం ఆ సాయంత్రం గుండె మీది బండ దిగినట్టయింది. తోలలేని ఆబోతు ఇప్పుడు తోలగలిగేవాడయ్యాడు. రేపు నెల్లో ముందు నడిస్తే మోరో బల్లకట్టు ఎక్కుతాడు, క్విరీనోకు ఇవ్వాల్సిన ఆబోతు అందుతాడు, ఫలాస్కో మందలోకి వస్తాడు, పెయ్యలు దక్కుతాయి. అక్టోబరులో చేయాల్సిన పని వసంతంలో చేస్తున్నాం, అంతే. ఆవిడ స్వయంగా గుడ్లు కొట్టి నెల్లోకు అట్టు వేసి పెట్టింది. వాడు తింటూ ఉంటే ఎదురుగా కూర్చుని, రేపు తిరిగొచ్చాక ఈ కొక్కెం కర్ర నీదేరా, నా మోకాళ్లు ఇక గుర్రం మీద నిలవడం లేదు అంది. నెల్లో ముక్క నోట్లో పెట్టుకుని ఏడ్చాడు. ఆవిడా ఏడ్చింది. కిటికీ బయట మోరో నిలబడి ఉన్నాడు. ఎవరూ పట్టించుకోలేదు.

మర్నాడు రేవు దగ్గర జనం బాగానే చేరారు. నెల్లో బల్లకట్టు ఎక్కాడు, మోరో ఎక్కాడు. అంత ఆబోతు ఎక్కితే పలకలు నీళ్లలోకి దిగిపోవాలి. వేలెడు కూడా దిగలేదు. నాన్ని ఒకసారి వంగి చూసి, తాడు పట్టుకుని లాగడం మొదలుపెట్టాడు. అవతల క్విరీనో సిద్ధంగా ఉన్నాడు. ఆబోతును తీసుకునే పద్ధతిలోనే తీసుకున్నాడు. నోరు తెరిచి పళ్లు చూశాడు, గిట్టలు చూశాడు, వెనక్కి వెళ్లి చూడాల్సింది చూశాడు. "బాగున్నాడు. చెల్లు" అని ఇవతలి ఒడ్డుకు వినపడేలా చెప్పాడు. తన ఆవుల మధ్యకు వెళ్లేదాకా నెల్లోను ముందు నడిపించి, మోరోను అక్కడ వదిలించాడు. వాటిలో వాడి కూతురు ఒక్కటీ లేదు. ఇవతలి ఒడ్డున ఆర్జియా సిలువ గుర్తు వేసుకుంది.

నెల్లో తిరిగి రేవుకు వచ్చి బల్లకట్టు ఎక్కాడు. వెనకే మోరో ఎక్కాడు.

జనంలో ఒకరిద్దరు నవ్వారు. నెల్లో దిగి, వాణ్ని ఆవుల దగ్గరికి తీసుకెళ్లి, ఈసారి పరిగెత్తుకుంటూ వచ్చి, తాడు లాగెయ్ అని నాన్నితో చెప్పాడు. బల్లకట్టు ఒడ్డు వదిలింది. సగం ఏట్లోకి వచ్చాక చూసుకుంటే మోరో వాడి వెనకే పలకల మీద నిలబడి ఉన్నాడు, గిట్టలు కూడా తడవలేదు. ఈసారి ఎవరూ నవ్వలేదు. నాన్ని తాడు లాగడం మానేసి ఏటి నడుమ అలాగే ఆపాడు.

అప్పుడు క్విరీనో గట్టున నిలబడి, అరవకుండా, గొంతు మాత్రం పెంచి అన్నాడు. "ఆర్జియమ్మా, పోగ్గియో సోర్బోలో వాడు మందను పట్టుకుని ఉన్నాడని మనమందరం అనుకున్నాం. మందను కాదమ్మా, యజమానిని. ఆయన కదిలితే కదా మనకు తెలిసేది."

ఆ యజమాని పోయిననాడు కాని ఆ ఆబోతు పోలేదన్న సంగతి రేవులో అందరికీ ఒక్కసారే గుర్తొచ్చింది. ఆర్జియాకు మిన్ను విరిగి మీద పడ్డట్టయింది. ఆబోతును ఇచ్చి ఆబోతును తెచ్చుకుంటున్నాననుకుంది ఆవిడ. ఇస్తున్నది ఎవరినో ఇప్పుడు తెలిసింది. వెనక బీడులో పెయ్య అరుస్తోంది. దానికి తోడు ఇంకోటి కూడా ఈ రోజే మొదలుపెట్టింది. బల్లకట్టు ఇటు వస్తే మోరో ఇటు వస్తాడు, ఇవాళే కూతుళ్లను దాటుతాడు. బల్లకట్టు అటు పోతే నెల్లో అటే. ఈ ఒడ్డున వాడు ఇంకెప్పుడూ అడుగు పెట్టకూడదు, ఆవిడ చావుకు కూడా.

నాన్ని ఆవిడ వైపే చూస్తున్నాడు. అందరూ ఆవిడ వైపే చూస్తున్నారు. నెల్లో మాత్రం నీళ్లలోకి చూస్తున్నాడు, వెనకటికి పళ్లెంలోకి చూసినట్టు. రమ్మంటే వచ్చేవాడు. మందా వద్దు ఏమీ వద్దు, రారా అనాలని ఆవిడ నోరు తెరిచింది కూడా. కాని ఎనిమిది తరాల ఆవులు ఆవిడ వీపు మీద నిలబడ్డాయి.

"అక్కడే ఉండరా" అంది ఆర్జియా.

నెల్లో తల ఊపాడు. "సరే అత్తా. ఫలాస్కో భుజానికి ఉప్పునీళ్ల కాపడం పెట్టించు. వాడు రెండు రోజుల్లో కోలుకుంటాడు." నాన్ని తాడు అటు లాగాడు.

జనం ఎటు పోవాలో తెలియక రేవులోనే నిలబడ్డారు. ఆర్జియా కూడా కదల్లేదు. చేతిలో కొక్కెం కర్ర ఉంది, వాడు తిరిగొచ్చాక ఇద్దామని తెచ్చింది. ఖాళీ బల్లకట్టు ఇవతలికి వచ్చి ఆగేసరికి వెనక నుంచి తోపుడుబండి చప్పుడు వినపడింది. జెలిందా వస్తోంది. ఎప్పుడు ఇంటికి వెళ్లిందో ఎవరూ చూడలేదు. బండిలో చుట్టిన పరుపు, రాగి గిన్నె, పెళ్లికి పుట్టింటివాళ్లిచ్చిన కుర్చీ ఒకటి. నిన్న దండెం మీద నుంచి తీసిన దుప్పటి పైన కప్పి ఉంది. మనిషి ఏడ్చిన జాడ లేదు. నాన్నితో, "ఆ కుర్చీ కాస్త అందుకో బాబాయ్" అంది.

ఆర్జియా ఆమె చెయ్యి పట్టుకుంది. "నువ్వెందుకే? చంపింది వాడు. నీకు ఈ ఇల్లుంది, నేనున్నాను. ఆదివారం ఆదివారం వెళ్లి చూసిరావచ్చు."

"నేనూ తిన్నాను కదా అత్తయ్యా" అంది జెలిందా. "అందరికంటే ముందు నాకే పెట్టారు."

ఆమె ఎక్కితే బల్లకట్టు కొంచెం కిందికి దిగింది, మనిషి ఎక్కితే దిగినట్టు. నాన్ని తాడు అందుకున్నాడు. కుర్చీ పలకల మధ్యలో ఉంది, జెలిందా దాని మీద కూర్చోకుండా అవతలి ఒడ్డు వైపు తిరిగి నిలబడింది. అక్కడ నెల్లో, వాడి వెనక మోరో, ఎదురుచూస్తున్నారు.

రేవులో ఉన్నవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకోలేకపోయారు. ఫాదర్ ఎజిస్తో గుడి వైపు వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఒక్కొక్కరే ఇళ్లకు మళ్లారు. ఆర్జియా ఒక్కతే నీళ్ల అంచున మిగిలింది. ఒక కాలు తడిలో, ఒక కాలు గట్టు మీద. వెనక బీడులో ఫలాస్కో, ఏరు దాటి వచ్చిన ఈ ఆరు నెలల్లో మొదటిసారి, గొంతెత్తి రంకె వేశాడు.

ఆవిడా తిన్నది. మారు కూడా వడ్డించుకుంది.